8, 9 జత ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: పక్కపక్క సంఖ్యల ప్రధాన కారణాంకాల మొత్తం సమానమైతే ఆ జతను ప్రింట్ చేయాలన్నది పజిల్. జవాబులో 8, 9 ఉంది. నా పైథాన్ ప్రోగ్రామ్ అది వదిలేసి 24, 25 ఇస్తోంది. తప్పెక్కడ?

జవాబు: లెక్క తప్పలేదు, నియమమే వేరు. మళ్లీ మళ్లీ వచ్చే కారణాంకాన్ని మీరు ఒక్కసారే కలుపుతున్నారు. అలాగైతే 24కు 2+3, 25కు 5, సమానం. పజిల్ మాత్రం వచ్చినన్నిసార్లూ కలపమంటోంది: 8కి 2+2+2, 9కి 3+3, రెండూ 6. ఈ ముక్క ప్రశ్నలోనే చెప్పి ఉండాల్సింది! కారణాంకాన్ని కలిపే లైనును భాగించే వైల్ లూప్ లోపలికి జరపండి. 100 లోపు 5-6, 8-9, 15-16, 77-78 రావాలి.

714, 715తో కూడా పరీక్షించండి. బేస్‌బాల్‌లో బేబ్ రూత్ 714 హోమ్ రన్‌ల రికార్డును 1974లో హాంక్ ఆరన్ దాటాడు కాబట్టి వీటిని రూత్-ఆరన్ జతలంటారు. 2+3+7+17, 5+11+13 రెండూ 29. మీకు 12, 16 వస్తే, వర్గమూలం దగ్గర లూప్ ఆగాక మిగిలిన 17, 13లను కలపలేదన్నమాట. మిగిలింది 1 కంటే పెద్దదైతే దాన్నీ కలపాలి.