లండన్ సిటీ బస్సు: ఎక్కడం సులువే, దిగడం నేర్చుకోవాలి

మొదటిసారి లండన్ వెళ్తున్నామని, భూగర్భ రైలు స్టేషన్ల మెట్లు ఎక్కి దిగలేని అమ్మగారు వెంట ఉన్నారని, సిటీ బస్సుల్లోనే తిరగడం కొత్తవారికి సాధ్యమేనా, దారి తప్పితే ఏమిటి గతి అని మీరు అడిగారు. నిస్సంకోచంగా సాధ్యమే. మెట్లు ఎక్కగలిగినవారు కూడా బస్సుల్లోనే తిరగాలన్నది నా గట్టి అభిప్రాయం. దారి తప్పడం గురించి మాత్రం కొంత వివరంగా చెప్పాలి. కొత్త నగరంలో బస్సు ప్రయాణికుల్లో అత్యధికులు చిక్కుల్లో పడేది తప్పు బస్సు ఎక్కి కాదు, దిగవలసినచోట దిగకుండా కూర్చుండిపోయి.

టికెట్టు సంగతి త్వరగానే తేలిపోతుంది. లండన్ బస్సుల్లో 2014 జూలై నుంచి నగదు తీసుకోవడం లేదు. ముందే డబ్బు వేసుకుని వాడే లండన్ రవాణా కార్డు ఆయిస్టర్‌నో, కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డునో, ఫోనునో డ్రైవర్ పక్కనున్న పసుపుపచ్చ రీడర్‌కు తాకిస్తే చాలు. ఒకే కార్డుతో ఇద్దరు ఎక్కడం కుదరదు గనుక మీకొకటి, అమ్మగారికొకటి ఉండాలి. ఎంత దూరం వెళ్లినా ఛార్జీ ఒకటే కాబట్టి దిగేటప్పుడు మళ్లీ తాకించే పని లేదు. నేను వెళ్లినప్పుడు అది 1.75 పౌండ్లు. మొదటిసారి తాకించిన గంటలోపు మరో బస్సు ఎక్కితే దానికి డబ్బు పడదు. హాపర్ అని పిలిచే ఈ సదుపాయం 2016లో మొదలైనప్పుడు ఒక్క బస్సు మారడానికే వర్తించేది. 2018 నుంచి గంటలో ఎన్ని బస్సులకైనా వర్తిస్తోంది. అయితే ఒక బస్సులో కార్డును, మరో బస్సులో ఫోనును తాకిస్తే రెండూ వేర్వేరు మనుషుల లెక్కలోకి వెళ్తాయి.

ఈ గంట నియమానికి ఉన్న అసలు విలువ నాకు ఒక శనివారం మధ్యాహ్నం తెలిసింది. విక్టోరియా దగ్గర 24వ నంబరు బస్సు ఎక్కి, ఉత్తరాన ఉన్న పెద్ద పార్కు హ్యాంప్‌స్టెడ్ హీత్ వెళ్దామని పై అంతస్తులో కూర్చున్నాను. పార్లమెంట్ స్క్వేర్, వైట్‌హాల్, ట్రఫాల్గర్ స్క్వేర్, కామ్డెన్ టౌన్ మీదుగా వెళ్లే ఈ బస్సు నగరాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి చూపిస్తుంది. విక్టోరియా స్ట్రీట్ సగం దాటామో లేదో, ఈ బస్సును దారి మళ్లిస్తున్నారని, తరువాతి ప్రకటన కోసం వేచి ఉండాలని ముందే రికార్డు చేసిన గొంతు పలికింది. వైట్‌హాల్‌లో ఏదో నిరసన ప్రదర్శన నడుస్తోందట. ప్రభుత్వ కార్యాలయాలన్నీ ఉన్న వీధి గనుక అక్కడ అది వింతేమీ కాదు. పై అంతస్తులో ఉన్న సందర్శకులమంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నామే తప్ప ఎవరమూ కదల్లేదు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ మాత్రం అప్పటికే గంట నొక్కి, చేతిసంచి సర్దుకుని లేచారు. నేను ఎక్కడికి వెళ్లాలో అడిగి తెలుసుకుని, "దిగండి. దారి మళ్లిన బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. తెలిసిన స్టాప్ ఇదొక్కటే. వైట్‌హాల్ నడిచి దాటేస్తే అవతల ఇదే నంబరు దొరుకుతుంది. గంట దాటలేదు కదా, మళ్లీ డబ్బు కూడా పడదు" అన్నారు.

ఆవిడ నడకను అందుకోవడానికి నేను దాదాపు పరుగెత్తవలసి వచ్చింది. వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే పక్కగా పార్లమెంట్ స్క్వేర్‌లోకి వచ్చేసరికి డప్పుల చప్పుడు, నినాదాల హోరు, గుర్రాలపై పోలీసులు. ఫొటోల కోసం ఎవరైనా ఆగిపోయే ఆ చోట ఆవిడ జనం పలచగా ఉన్న పక్కను చూసుకుని కాలిబాట మారారు. వైట్‌హాల్ పొడవునా అట్టముక్కలు పట్టుకున్న జనం పక్కనే మేమూ సాగిపోయాం. మొదటి ప్రపంచయుద్ధ మృతుల స్మారకంగా 1920లో రోడ్డు మధ్యలో నిలిపిన సెనోటాఫ్, ఇనుప గేట్ల వెనుక ప్రధాని నివాసముండే డౌనింగ్ స్ట్రీట్, చివర ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నెల్సన్ స్తంభం, అన్నీ ఆ నడకలోనే వచ్చిపోయాయి. చేరింగ్ క్రాస్ రోడ్‌లోని స్టాప్‌కు చేరుకున్నాక కాసేపటికే మరో 24 వచ్చింది. కార్డు తాకించాను, ఎక్కాను, రెండో ఛార్జీ పడలేదు. మొదటి బస్సులో కూర్చుండిపోయినవారు ఏమయ్యారో నాకు తెలియదు గాని, మాకంటే ముందు చేరి ఉండరని పందెం కాయగలను.

కొత్తవారు అలా కూర్చుండిపోవడానికి కారణం భయం కాదని నా నమ్మకం. ఫోనులోని మ్యాప్ ఒక దారి చూపించింది, డబ్బు చెల్లించాం, సీటు దొరికింది; ఇక దాన్ని వదులుకోవడానికి మనసొప్పదు. ఎత్తైన భవనాల మధ్య మన స్థానాన్ని చూపే నీలిచుక్క ఈ వీధి నుంచి ఆ వీధికి గెంతుతున్నా దాన్నే నమ్ముతాం, బస్సులో కళ్లెదుట తెరపై కనిపించే స్టాప్ పేరును నమ్మం. ప్రయాణ సలహాల వీడియోలు చేసేవారి మీద నా ఫిర్యాదు కూడా ఇదే. ఏ కార్డు కొనాలి, పై అంతస్తులో ముందు సీటు ఎలా పట్టాలి అని పావుగంట చెబుతారు. దిగడం గురించి ఒక్క మాట ఉండదు.

భూగర్భ రైలు మ్యాప్ ఈ అలవాటును మరింత చెడగొడుతుంది. హ్యారీ బెక్ గీయగా 1933లో జనం చేతికి వచ్చిన ఆ మ్యాప్ గొప్ప సృష్టి, కాదనను. కానీ అది దూరాలను దాచిపెడుతుంది. కోవెంట్ గార్డెన్, లెస్టర్ స్క్వేర్ స్టేషన్ల మధ్య దూరం పావు కిలోమీటరు మాత్రమే. అయినా మ్యాప్ చూసి రైలెక్కేవారు నేటికీ ఉన్నారు. బస్సు కిటికీలోంచి చూసినవారికి ఏది దేనికి పక్కనుందో కళ్లే చెబుతాయి. అది తెలిసినవారే మధ్యలో ధైర్యంగా దిగగలరు.

ఇక ఎక్కే పద్ధతి. ఒకే పేరున్న స్టాప్‌లు ఒకే కూడలిలో నాలుగైదు ఉంటాయి. స్తంభం నెత్తిన ఎర్రని గుండ్రటి బిళ్లపై ఉన్న అక్షరం చూసుకోవాలి, కింద ఆ బస్సులు ఏ వైపు వెళ్తాయో రాసి ఉంటుంది. బస్సు వస్తుంటే చేయి చాచాలి. దిగవలసిన స్టాప్ పేరు వినిపించగానే గంట ఒక్కసారి నొక్కితే చాలు. ప్రతివారూ మళ్లీ నొక్కనవసరం లేదు. ఎక్కేది ముందు తలుపు నుంచి, దిగేది మధ్య తలుపు నుంచి.

ఈ పద్ధతులు మరో నగరంలో పనికిరావు. సింగపూర్‌లో దూరాన్నిబట్టి ఛార్జీ కాబట్టి దిగేటప్పుడు కూడా కార్డు తాకించాలి, మరిచిపోతే బస్సు చివరిదాకా వెళ్లినట్టే లెక్కగడతారు. జపాన్‌లోని క్యోటో సిటీ బస్సులో వెనుక తలుపు నుంచి ఎక్కి, దిగేటప్పుడు డ్రైవర్ దగ్గర చెల్లిస్తారు. క్యోటో ప్రస్తావన వచ్చింది గనుక చెబుతున్నాను: బస్సులు సందర్శకులతో కిక్కిరిసిపోవడంతో, ఒక్కరోజు బస్సు పాస్ అమ్మకాన్ని ఆ నగరం 2023లో ఆపివేసింది. పెద్ద పెద్ద సూట్‌కేసులతో సిటీ బస్సు ఎక్కి, ఆ ఊరివారు ఆఫీసుకు వెళ్లే వేళ దారికి అడ్డంగా నిలబడే మనలాంటివారికి ఆ నిర్ణయంలో కొంత వాటా ఉంది. విమానాశ్రయం నుంచి వచ్చేటప్పుడు మాత్రం దయచేసి సిటీ బస్సు జోలికి పోవద్దు.

అమ్మగారి విషయానికి వస్తే, లండన్ బస్సులన్నీ తక్కువ ఎత్తు నేల ఉన్నవే. ఎక్కడానికి మెట్లు ఉండవు, చక్రాల కుర్చీ కోసం ర్యాంపు ఉంటుంది. ముందు భాగంలో వృద్ధుల కోసం కేటాయించిన సీట్లు ఉంటాయి, వాటిని అడగడానికి మొహమాటపడవద్దు. పై అంతస్తు ఆవిడకు వద్దు, ఎందుకంటే స్టాప్ వచ్చాక ఆ మెలికల మెట్లు దిగేసరికి తలుపులు మూసుకుపోతాయి. మీరు పైకి ఎక్కితే, దిగవలసిన స్టాప్‌కు ముందున్న స్టాప్ దాటగానే కిందికి వచ్చెయ్యండి. సమయం రాసి ఉన్న ప్రవేశ టికెట్లు కొన్న రోజున మ్యాప్ చెప్పినదానికి అరగంట కలుపుకోండి. మొదటి రోజు ఏ పనీ పెట్టుకోకుండా 24 ఎక్కి, అమ్మగారికి నచ్చినచోటల్లా దిగుతూ, గంట లోపల మళ్లీ ఎక్కుతూ హ్యాంప్‌స్టెడ్ దాకా వెళ్లండి. తిరుగు ప్రయాణంలో చీకటిపడినా ఫరవాలేదు, ఆ నంబరు రాత్రంతా నడుస్తుంది.