పికప్ బండికి కప్పు వేయించుకుంటున్న మేనల్లునికి

చిరంజీవి అల్లునికి ఆశీస్సులు.

నర్సంపేట వైపు ఊర్ల నుంచి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలే కిరాయి కుదిరిందని, అందుకని పికప్ బండికి సొంతంగా కప్పు చేసుకోవాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. అకాల వానకు తడిసిన మిర్చి బూజు పట్టి, రంగు మారి, మార్కెట్లో ధర కోల్పోతుంది గనుక నీ ఆలోచన సరైనదే. అయితే కప్పు కట్టేవారు సాధారణంగా వానను చూసి కడతారు; నీవు ముందుగా గాలిని చూసి కట్టు.

బండి వేగం 40 కిలోమీటర్ల నుంచి 80కి పెరిగితే గాలి ఒత్తిడి రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. క్యాబిన్ మీదుగా దూసుకొచ్చే గాలి టార్పాలిన్‌ను పైకి లాగుతుండగా, క్యాబిన్ వెనుక సందులోంచి దూరిన గాలి దానిని లోపలి నుంచి ఉబ్బిస్తుంది. కాబట్టి ముందు భాగాన టార్పాలిన్‌ను బాడీ అంచు దాకా కిందికి దించి, సందు మిగలకుండా బిగించాలి. రెండు ముక్కలు వాడవలసి వస్తే ముందు ముక్క అంచు వెనుక ముక్క మీదికి రావాలి. నేను అన్నింటికన్నా పట్టుబట్టి చెప్పేది ఈ ముందు అంచు గురించే.

గుడ్డను మోసే వంపు కమానులకు జింకు పూత ఉన్న అంగుళం జీఐ పైపు సరిపోతుంది. రెండడుగులకొక కమాను నిలిపి, నడుమ ఎత్తు పెట్టి, పైన పొడవునా ఒక పైపు కలిపితే నీరు గుంటలుగా నిలవదు. నిలిచిన ప్రతి లీటరు నీరూ కిలో బరువై గుడ్డను సాగదీస్తుంది. పైపు మీది జింకు పూతను వెల్డింగ్ చేసే చోట గీకించు, ఆ పూత కాలి వచ్చే పొగ ఊపిరితిత్తులకు హానికరం. అతికిన చోట మళ్లీ రంగు వేయకపోతే తుప్పు అక్కడే మొదలవుతుంది. గుడ్డకు రాసుకునే పైపు అంచులకు పాత సైకిల్ ట్యూబు చుట్టు.

కమానులను బండి బాడీకి మాత్రం వెల్డింగ్ చేయించవద్దు. రబ్బరు ముక్క వేసి, యూ ఆకారపు క్లాంపులు, లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్లతో బిగిస్తే ఎప్పుడైనా విప్పుకోవచ్చు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి రూపాన్ని ఇష్టమొచ్చినట్లు మార్చడానికి ఒప్పుకోదు గనుక, పని మొదలుపెట్టే ముందు హనుమకొండలోని రవాణా శాఖ కార్యాలయంలో ఒకసారి అడిగి తెలుసుకో.

మొదటి లోడు తోలి వచ్చాక నట్లన్నీ మళ్లీ బిగించు, కుదుపులకు కొత్త బిగింపు కొంత సడలవచ్చు. బండి ఆగి ఉన్నప్పుడు వాన లేకుంటే వెనుక పరదా ఎత్తిపెట్టు, మిర్చికి గాలాడాలి. కదిలే ముందు దానిని దించి కట్టి, వెనుక లైట్లు, నంబరు ప్లేటు దాని కింద పడలేదని చూసుకొని బయలుదేరు.

ఇట్లు,
మీ మామయ్య