టెక్ సందేహాలు: నాలుగు ట్రాకుల్లో నలభై మంది ఆర్కెస్ట్రా ఎలా పట్టింది?

ప్రశ్న: ఇంట్లోనే ల్యాప్‌టాప్‌లో పాటలు రికార్డ్ చేస్తుంటాను. ఒక్కో గొంతుకీ, వాయిద్యానికీ విడిగా ఒక ట్రాక్ పెడుతుంటే ఒక్కో పాటకి ముప్ఫై, నలభై ట్రాకులు అవుతున్నాయి. మిక్సింగ్ (అన్నిటినీ సరైన పాళ్లలో కలపడం) దగ్గరకి వచ్చేసరికి ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేలక తల పట్టుకుంటున్నా. బ్రిటిష్ బ్యాండ్ బీటిల్స్ 1967 ఆల్బమ్ ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ని నాలుగు ట్రాకుల మెషీన్ల మీదే చేశారట. అంత ఆర్కెస్ట్రా నాలుగింటిలో ఎలా పట్టింది? (ఒక విద్యార్థి, వరంగల్)

జవాబు: మీరు విన్నది నిజమే. లండన్ అబ్బీ రోడ్డులోని ఈఎంఐ రికార్డు కంపెనీ స్టూడియోలో అప్పుడు వాడినవి స్టూడర్ జే37 టేప్ మెషీన్లు. అంగుళం వెడల్పు టేపు, దాని మీద పక్కపక్కనే నాలుగు ట్రాకులు.

నాలుగూ నిండిపోతే ఏం చేసేవారంటే, వాటిని కలిపి రెండో మెషీన్‌లో ఒకటి రెండు ట్రాకుల్లోకి ఎక్కించేవారు. మనం ఇప్పుడు బౌన్స్ అంటున్నదే ఇది. వాళ్లు రిడక్షన్ మిక్స్ అనేవారు. దాంతో కొత్త టేపులో రెండు మూడు ట్రాకులు ఖాళీగా దొరికేవి. వాటి మీద గొంతులో, గిటారో, బేస్ గిటారో చేర్చేవారు. బేస్‌ని చాలా పాటల్లో చివరికి అట్టిపెట్టి, విడిగా ఒక ట్రాక్ ఇచ్చారు. ఈ ఆల్బమ్‌లో బేస్ అంత స్పష్టంగా, పాటకి సమాంతరంగా ఇంకో రాగంలా వినిపించడానికి అదొక కారణం.

బౌన్స్ ఊరికే రాదు. జెరాక్స్‌కి మళ్లీ జెరాక్స్ తీసినట్టే, ప్రతి కాపీకీ టేపు గరగర శబ్దం పెరుగుతుంది, పదును తగ్గుతుంది. పైగా డ్రమ్స్, పియానో ఒకే ట్రాక్‌లో కలిశాక డ్రమ్స్ ఒక్కటే తగ్గించాలంటే కుదరదు. అంటే పాట సగంలో ఉండగానే నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీర్ జెఫ్ ఎమరిక్ సగం మిక్స్ ఖాయం చేసేయాలి. నా దృష్టిలో ఈ ఆల్బమ్ బలమంతా అక్కడే ఉంది. మీకు కొరవడింది కూడా ట్రాకులు కాదు, ఆ ఖాయం చేసుకోవడమే.

ఇదే ఆల్బమ్‌లోని ‘ఎ డే ఇన్ ద లైఫ్’ పాట చూడండి. 1967 జనవరి 19న రికార్డింగ్ మొదలైంది. మధ్యలో ఏం పెట్టాలో తెలియక 24 బార్లు (తాళం ఆవృత్తాలు) ఖాళీగా వదిలేశారు. లెక్క తప్పకుండా వాళ్ల సహాయకుడు మాల్ ఎవాన్స్ ఒకటి నుంచి అంకెలు పైకి చదువుతూ పోయాడు, చివర్లో అలారం గడియారం మోగించాడు. ఆ అలారం తుది పాటలోనూ ఉండిపోయింది. తర్వాతి భాగం నిద్ర లేవడంతోనే మొదలవుతుంది కాబట్టి చక్కగా అతికింది కూడా.

ఫిబ్రవరి 10న ఆ ఖాళీలోకి 40 మంది ఆర్కెస్ట్రాని తెచ్చారు. తమ వాయిద్యం పలికే అడుగు స్వరం నుంచి పై స్వరం దాకా ఎవరికి వారు నెమ్మదిగా ఎక్కాలి, పక్కవాడిని అనుసరించకూడదు అని మార్టిన్ చెప్పాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ వాయించి వేర్వేరు ట్రాకుల మీద ఎక్కించారు. బ్యాండ్ టేపులో అంత చోటు లేదు కదా? అందుకే ఇంజనీర్ కెన్ టౌన్‌సెండ్ రెండు మెషీన్లని జత కట్టాడు. మొదటి టేపులో 50 హెర్ట్జ్ టోన్ (మారకుండా మోగే ధ్వని) రికార్డ్ చేసి, దాంతో రెండో మెషీన్ మోటారు వేగాన్ని నడిపించాడు. రెండూ ఒకే క్షణంలో కదిలేలా చూడటం మాత్రం చేతి నైపుణ్యమే.

పాట చివరి కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తి) ఫిబ్రవరి 22న రికార్డయింది. పలువురు కలిసి మూడు పియానోల మీద ఒకేసారి ‘ఇ మేజర్’ కార్డ్ నొక్కారు. ధ్వని సన్నగిల్లుతున్న కొద్దీ ఎమరిక్ ఫేడర్లు (ధ్వని పెంచే, తగ్గించే మీటలు) పైకి నెడుతూ పోయాడు. అందుకే అది నలభై సెకన్లకి పైగా సాగుతుంది. మంచి హెడ్‌ఫోన్స్‌తో వింటే చివర్లో గదిలో కుర్చీ కిర్రుమనడం కూడా వినిపిస్తుంది.

మీరు చేయాల్సింది: ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో డ్రమ్స్ ట్రాకులన్నీ సెలెక్ట్ చేసి, ‘మిక్స్ అండ్ రెండర్ టు న్యూ ట్రాక్’ నొక్కండి. పాతవి మ్యూట్ చేయండి, డిలీట్ చేయకండి. గిటార్లకీ, కోరస్‌కీ ఇలాగే చేసి నాలుగు ట్రాకులకి దిగాక అప్పుడు మిక్స్ మొదలుపెట్టండి.

ప్రశ్న: ఇదే ఆల్బమ్ స్టీరియోలో వింటుంటే ఒక ఇయర్‌బడ్ తీయగానే గొంతు మాయమవుతోంది. ఫోన్ పాడైందా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: ఫోన్ బాగానే ఉంది, టెన్షన్ వద్దు. నాలుగు ట్రాకులే ఉన్నప్పుడు ఒక్కోదాన్ని పూర్తిగా కుడికో ఎడమకో నెట్టడం అప్పట్లో మామూలే. ‘ఎ డే ఇన్ ద లైఫ్’లో అయితే బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ గొంతు ఒక పక్క మొదలై మెల్లగా రెండో పక్కకి జరుగుతుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ‘మోనో ఆడియో’ ఆన్ చేస్తే రెండు చెవుల్లోనూ అన్నీ వస్తాయి. కానీ వీలైతే అసలు మోనో (రెండు పక్కలా ఒకే ధ్వని ఉండే) మిక్సే వెతికి వినండి. బ్యాండ్ దగ్గరుండి చేయించుకున్నది అదే. ‘షీ ఈజ్ లీవింగ్ హోమ్’ మోనోలో వేగంగా, పై శ్రుతిలో ఉంటుంది. తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: ఈ ఆల్బమ్‌కి 2017లో వచ్చిన కొత్త మిక్స్ అంత తేటగా ఉండటానికి కారణం ఏఐ సాఫ్ట్‌వేరా? (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: కాదు. బౌన్స్ చేయక ముందటి టేపులని ఈఎంఐ దాచి ఉంచింది. మార్టిన్ కొడుకు జైల్స్, ఇంజనీర్ శామ్ ఓకెల్ ఆ మొదటి తరం టేపులకి వెళ్లి, వాటినే కంప్యూటర్‌లో ఒకదానికొకటి సమయం కుదిరేలా జతచేసి మిక్స్ చేశారు. బీటిల్స్ 1966 నాటి ఆల్బమ్ ‘రివాల్వర్’లో డ్రమ్స్, బేస్, గిటార్ మొదటినుంచే ఒకే ట్రాక్‌లో కలిసి ఉన్న చోట్లుండటంతో, 2022లో దాన్ని మళ్లీ మిక్స్ చేసినప్పుడు వాటిని విడదీసే సాఫ్ట్‌వేర్ అవసరమైంది. ఇప్పుడు ఫోన్ యాప్‌లు చేసే పనీ ఆ కోవదే, అయితే డ్రమ్స్‌లోని తాళాల మోత గొంతులోకి అంటుకోవడం లాంటి మరకలు ఇంకా వదలవు.