అత్తయ్య కదలనంటారు, నాకేమో నిద్ర పట్టదు

ప్రశ్న: మాది భద్రాచలం, కరకట్ట దగ్గరి కాలనీ. 2022 వరదలో ఇల్లు మునిగింది. పునరావాస కేంద్రం నుంచి తిరిగొచ్చి తలుపు తీస్తే మోకాలి లోతు బురద. చనిపోయిన మామయ్య ఫొటోలు, పంచెలు దాచిన ట్రంకు పెట్టెలో అంతా బురద ముద్దే. అత్తయ్య దాని ముందు కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. అప్పట్నుంచీ వానాకాలమంతా రాత్రిళ్లు లేచి ఫోన్లో నీటిమట్టం చూస్తూ ఉంటాను. మావారు ‘కట్ట ఉందిగా, నీదంతా అనుమానం’ అని విసుక్కుంటారు. అత్తయ్య ‘86లో ఇంతకన్నా పెద్దదే చూశాం, ఈసారి నేను కదలను’ అంటారు. మూడో తరగతి చదివే బాబు ఉరిమితే నన్ను వదలడు. నాకేమైనా పిచ్చి పడుతోందా? ఇల్లు అమ్మేద్దామా?

జవాబు: పిచ్చి కాదమ్మా. 2022 జూలై 16న మీ ఊళ్లో గోదావరి 71.3 అడుగులకు చేరింది. ఆ నీళ్లలో ఇల్లు పోగొట్టుకున్న మనిషికి వాన చప్పుడు వింటే గుండె దడ రావడం సహజం. మీవారన్న మాటా పూర్తిగా నిజం కాదు. నది నిండుగా ఉన్నప్పుడు కట్ట తూములు మూసేస్తారు. లోపలి వాన నీరు పోయే దారి లేక మోటార్లతో తోడాల్సి వస్తుంది. కట్ట నిలబడినా పల్లపు కాలనీల్లోకి నీళ్లొచ్చేది ఇందుకే. ఈ మాట ఆయనకు నెమ్మదిగా చెప్పండి.

మీ ఇంటిని నలిపేస్తున్నది భయం ఒక్కటే కాదు. వెళ్లాలా వద్దా అన్న వాదన ప్రతి వరదకీ, నీళ్లు పెరుగుతుండగానే మొదలవుతోంది. ఆ గాభరాలో ఎవరి మాటా ఎవరికీ ఎక్కదు. ఎండ కాసే రోజు చూసి ముగ్గురూ కూర్చుని తేల్చేసుకోండి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక రాగానే కాగితాలు, మందులు, సామాను సర్దేయాలి. 48కి రెండోది రాగానే అందరూ బయల్దేరాలి. ఎవరింటికి, ఏ బండిలో అన్నది కూడా ఇప్పుడే అనుకోండి. మూడో హెచ్చరిక 53 దాకా ఆగితే రోడ్లు ఉంటాయో లేదో.

అత్తయ్యది మొండితనమని నాకనిపించడం లేదు. 1986లో 75.6 అడుగుల వరద చూసి, మళ్లీ ఇక్కడే బతుకు నిలబెట్టుకున్న మనిషి ఆవిడ. పోయినసారి ఇల్లు వదిలి వెళ్తే భర్త గుర్తులు పోయాయి. అందుకే ఈసారి కాపలా ఉంటానంటున్నారు. ‘రండి అత్తయ్యా’ అని బతిమాలేకన్నా, ‘ముందుగా ఏం తీసుకెళ్దాం?’ అని అడగండి. ఆవిడ చెప్పినవి బండిలో మొదట ఎక్కాలి, మీ బీరువా తర్వాతే.

బాబుతో ‘ఏం కాదులే’ అనొద్దు. అయింది వాడు చూశాడు. నీళ్లొస్తే ఎక్కడికి వెళ్తామో చెప్పి, వాడి సంచి వాణ్నే సర్దుకోనివ్వండి. నీటిమట్టం మీరు పొద్దున, సాయంత్రం చూస్తే చాలు. హెచ్చరిక ఉన్న రాత్రుల్లో ఆ పని మీవారిది. 48 దాటితే ఆయనే లేపుతారు. అనుమానమని కొట్టిపారేయకుండా ఆయన ఈ మాత్రం బాధ్యత తీసుకోవాలి. అయినా నిద్ర రాకపోయినా, వానల్లేని నెలల్లో కూడా ఆ దృశ్యాలే కళ్ల ముందు తిరుగుతున్నా 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, మనసు బాధలకు సలహా ఇచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఇల్లు అమ్మే సంగతి ఈ వానల్లో తేల్చొద్దు. సంక్రాంతి వెళ్లాక, ధరలు కనుక్కుని, అత్తయ్యను కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడండి.