మూడేళ్ల పాపకు దయ, ప్రేమ చెప్పే బొమ్మల పుస్తకం ఎలా ఎంచుకోవాలి?

ముందు అక్షరాలు వదిలేసి బొమ్మలు మాత్రమే తిరగేయండి. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు దగ్గరకు తీసుకున్నారో బొమ్మలోనే తెలిసిపోవాలి. మూడేళ్ల వయసులో పిల్లలు కథ చదివేది అక్కడే. పేజీకి ఒకటి రెండు వాక్యాలు చాలు.

చివర్లో "అందరితో మంచిగా ఉండాలి" అని నీతి చెప్పే పుస్తకాన్ని నేనైతే పక్కన పెట్టేస్తాను. వానలో తడిసిన కుక్కపిల్లకు తన తువ్వాలు కప్పే పాప బొమ్మ ఉందనుకోండి, మీ పాప ఆ పేజీ దగ్గర ఆగి దాని తల నిమురుతుంది. అలా ఆగనివ్వండి, తొందరపెట్టకండి. "దానికి చలేస్తోందా?" అని అడగండి.

కొనేముందు పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా చదివి చూపించండి. పాప మళ్లీ మళ్లీ అడిగేలాంటివే కొనండి.