కంట్రోలర్ పోస్టు వదులుకోకండి, ముందు క్యాలెండర్ మాట్లాడుకోండి

ప్రశ్న: నేను సీఏని. రాయదుర్గంలో ఒక అమెరికన్ కంపెనీ గ్లోబల్ సెంటర్‌లో ఫైనాన్స్ సీనియర్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. ఇల్లు మియాపూర్‌లో. పాపకు నాలుగేళ్లు, బాబుకు పదకొండు నెలలు. ఇప్పుడు కంట్రోలర్‌గా, అంటే మొత్తం అకౌంట్స్ బాధ్యత చూసే పోస్టుకు ప్రమోషన్ ఇస్తామంటున్నారు. కింద ఇరవై మందికి పైగా ఉంటారు. నెల మొదటి వారమంతా క్లోజింగ్ (గడిచిన నెల లెక్కలు ముగించే పని) టెన్షనే. రాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇంటర్ కంపెనీ బ్యాలెన్సులు (మా గ్రూపు కంపెనీల మధ్య బాకీలు) చూస్తుంటే బాబు పాకుతూ వచ్చి ఛార్జర్ తీగ లాగేస్తాడు. ఖమ్మం నుంచి వచ్చిన అత్తగారే పిల్లల్ని చూసుకుంటున్నారు, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ‘ఇప్పుడే ఎందుకు, పిల్లలు కాస్త పెద్దయ్యాక చూద్దువుగానిలే’ అని అందరూ అంటున్నారు. ప్రమోషన్ వద్దని చెప్పి, పని తక్కువుండే పోస్టుకు మారిపోనా?

జవాబు: వద్దని చెప్పకండి. అలాగని రేపే సరేనని కూడా అనకండి. ముందు మాట్లాడుకోవాల్సినవి ఉన్నాయి.

‘పని తక్కువుండే పోస్టు’ అన్నారు. అకౌంట్స్‌లో అలాంటి పోస్టు చాలావరకు పైవాళ్ల టైమ్ ప్రకారం నడిచే పోస్టు. రివ్యూ చేసేవారు రాత్రి తొమ్మిదింటికి ఫైల్ తెరిస్తే, జవాబు చెప్పడానికి మీరు తొమ్మిదింటికే కూర్చోవాలి. ఏ షెడ్యూల్ ఏ రోజుకు పూర్తి కావాలి, రివ్యూ కాల్ ఎన్ని గంటలకు, ఎవరు సంతకం చేయాలి అన్నవి నిర్ణయించేది కంట్రోలరే. బాధ్యత బరువు పెరుగుతుంది, అందులో సందేహం లేదు. ఆడిట్‌లో తేడా వస్తే ముందుగా అడిగేది మిమ్మల్నే. అయినా మీ సాయంత్రాలు మీ చేతిలో ఉండే అవకాశం ఆ కుర్చీలోనే ఎక్కువ.

మీ వృత్తిలో ఒత్తిడి ఎప్పుడొస్తుందో ఏడాది ముందే తెలుస్తుంది. నెలలో టీడీఎస్ కట్టడానికి 7వ తేదీ, అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీ రిటర్న్ జీఎస్టీఆర్-1కి 11, పన్ను కట్టే రిటర్న్ 3బీకి 20. ట్యాక్స్ ఆడిట్ రిపోర్టుకు మామూలుగా సెప్టెంబరు 30, విదేశీ మాతృసంస్థతో లావాదేవీలున్న మీలాంటి కంపెనీకైతే అక్టోబరు 31. మాతృసంస్థ పుస్తకాలు డిసెంబరుతో ముగిస్తే జనవరి మొత్తం ఆ పనే. మార్చి 31 దాటాక ఇక్కడి స్టాట్యుటరీ ఆడిట్, అంటే చట్టప్రకారం చేయించాల్సిన ఆడిట్. గడువులు అప్పుడప్పుడు పొడిగిస్తారు గానీ, దాన్ని నమ్ముకుని ఇల్లు నడపలేం. ఒక ఆదివారం మీవారితో కూర్చుని ఏడాది క్యాలెండర్ మీద ఈ రోజులన్నీ గుర్తు పెట్టండి. ఆ రోజుల్లో పాపను బడికి దింపడం, బాబు టీకాలు, రాత్రి భోజనం అన్నీ ఆయనవే. ‘సాయం చేస్తాను’ అంటే చాలదు. ఆ రోజు బాబుకు జ్వరమొస్తే సెలవు పెట్టాల్సింది ఆయనే అన్నంత స్పష్టంగా ఉండాలి. ఆయన సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న వారం ఆ పనులు మీవి.

అత్తగారి గురించి గట్టిగా చెప్పాలనిపిస్తోంది. నొప్పులున్న పెద్దావిడ మీద పాకే పిల్లవాడి భారమంతా వేసి మీరు ప్రమోషన్ తీసుకుంటే, ఆరు నెలల్లో ఇద్దరూ అలసిపోతారు. ఇంటికి దగ్గరలో డేకేర్ గానీ, పగలు ఉండే ఆయమ్మను గానీ చూసుకోండి. అత్తగారు పైపైన చూసుకుంటే చాలు. ఆ ఖర్చును మీ జీతంలోంచే తీసేసి ‘ఏం మిగిలింది’ అని లెక్క వేయకండి. పిల్లలు ఇద్దరికీ పిల్లలే కాబట్టి ఇద్దరి జీతాల్లోంచీ తీయాల్సిన ఖర్చు అది. యాభై, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ (పసిపిల్లల సంరక్షణ కేంద్రం) సదుపాయం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూడవచ్చని 2017 సవరణతో చట్టంలోకి వచ్చింది. అడగండి, అది మీ హక్కు. కాకపోతే మెట్రోలో మియాపూర్ నుంచి రాయదుర్గం వెళ్లాలంటే అమీర్‌పేటలో మారాలి, రోడ్డు మీద సాయంత్రం ట్రాఫిక్ సంగతి మీకు తెలిసిందే. బాబును రోజూ అంత దూరం తిప్పడం కంటే ఇంటి దగ్గర డేకేరే నయమని నా అభిప్రాయం.

కంపెనీతో మాట్లాడేటప్పుడు ‘ఫ్లెక్సిబిలిటీ కావాలి’ అని ఊరుకుంటే ఎవరైనా సరేనంటారు, తర్వాత ఏమీ మారదు. కచ్చితంగా అడగండి. అమెరికా కాల్స్ వారానికి ఎన్ని, ఎన్ని గంటలకు? నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పగానే మీ ఆరున్నర కాల్ ఏడున్నర అవుతుంది, మార్చి దాకా అంతే. ఇయర్ ఎండ్ క్లోజింగ్ వచ్చేదీ అప్పుడే. ఆ నెలల్లో కాల్ ఒక గంట ముందుగానే పెట్టమని ఇప్పుడే ఒప్పించండి. క్లోజింగ్ రోజుల్లో ఇంటి నుంచి పని, మీరు లేనప్పుడు రివ్యూ చేయగల డిప్యూటీ ఒకరు కూడా కావాలి. పాత కంట్రోలర్ ఎందుకు వెళ్లిపోయారో కూడా మొహమాటం లేకుండా అడగండి.

ఇక అసలు మారాల్సింది మీ పని తీరు. ప్రతి ఎంట్రీకి టిక్ పెట్టేదాకా మనకు నిద్ర పట్టదు, ఆర్టికల్‌షిప్ (సీఏ చదువులోని శిక్షణ) నుంచీ వచ్చిన అలవాటు అది. ఇంతమంది టీమ్‌తో అది కుదరదు. ఎంత మొత్తం దాటిన తేడా మీ దాకా రావాలో ఒక హద్దు పెట్టండి, అంతకు లోపలివి మీ కింది టీమ్ లీడ్స్ తేలుస్తారు. నెలాఖరు కోసం ఆగనవసరం లేని పనులు ముందుకు లాగండి. ఉదాహరణకు ఇంటర్ కంపెనీ బ్యాలెన్సుల కన్ఫర్మేషన్ 25వ తేదీకే తెప్పించుకోండి. తరుగుదల, ప్రీపెయిడ్ (ముందే కట్టిన ఖర్చుల) ఎంట్రీలకు కొత్త నెల రావాల్సిన పని లేదు. అక్రూవల్స్‌కు (ఇంకా బిల్లు రాని ఖర్చులకు) డిపార్ట్‌మెంట్ల నుంచి అంకెలు 27కి అడగండి. కొత్త నెల రెండో వర్కింగ్ డే రాత్రి పదకొండింటికి బయటపడే తేడాల్లో చాలావాటిని 26న మధ్యాహ్నమే పట్టుకోవచ్చు. మీరు ఆరింటికి బయల్దేరి, రాత్రి పదింటికి జూనియర్‌కు మెసేజ్ పెట్టకండి. ఆ అమ్మాయికీ రేపు పిల్లలుంటారు, ఇప్పుడు మిమ్మల్నే చూసి నేర్చుకుంటోంది.

ఇవేవీ కుదరవని కంపెనీ తేల్చి చెబితే అప్పుడు వద్దనండి, వేరేచోట వెతకండి. సొంత ప్రాక్టీస్ తేలిక అనుకుని అటు వెళ్లకండి. సెప్టెంబరు గడువులన్నీ అక్కడ మీ ఒక్కరి మీదే పడతాయి. కొన్నాళ్లు విరామం తీసుకున్నా సీఏల సంస్థ ఐసీఏఐ సభ్యత్వ ఫీజు, సీపీఈ (వృత్తిలో కొనసాగే చదువు) గంటలు మాత్రం వదలకండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఐసీఏఐ బ్రాంచి సెమినార్లకు వెళితే, పిల్లల్ని పెంచుతూ ఈ స్థాయికి వచ్చిన వాళ్లు కలుస్తారు. వాళ్ల క్లోజింగ్ వారం ఎలా గడుస్తుందో అడిగి తెలుసుకోండి.

ఈ మాటలన్నీ క్లోజింగ్ మధ్యలో కాదు, నెలలో పదో తేదీ దాటాక మీ బాస్‌తో మాట్లాడండి. ఒప్పుకున్నవన్నీ అదే రోజు మెయిల్‌లో రాసి పంపండి. ఆరు నెలలకు ఒకసారి కూర్చుని సమీక్షించుకుందామన్న మాటను ఆఫర్ లెటర్‌లోనే పెట్టించుకోండి.