వేలంపాటల మీద పరిశోధన ఎవరికి ఉపయోగం? మా ఊరి చెరువు పాట చూసుంటే ఈ మాట అడగరు

"ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్లు గేమ్ థియరీ (ఎదుటివాళ్ల ఎత్తుని బట్టి మన ఎత్తు వేసే లెక్క), వేలాలు అంటూ రాసే లెక్కల వల్ల మామూలు జనానికి ఏం ఒరుగుతుంది?" అని ఒకరు అడిగారు. చాలా ఒరుగుతుంది. నా దృష్టిలో ఆ శాస్త్రం మొత్తంలో జనానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఇదే.

మాది డెల్టాలో చిన్న ఊరు. నాన్న వార్డు మెంబరుగా ఉన్న రోజుల్లో పంచాయతీ చేపల చెరువు పాటకి నన్నూ తీసుకెళ్లేవారు. ఒక ఏడాది పక్క ఊరి నుంచి కొత్తాయన ఒకరు వచ్చి ధరావతు కట్టారు. సెక్రటరీ గారు షరతులు చదివి సర్కారువారి పాట చెప్పగానే మా ఊరి పాటదారుడు వెయ్యి పెంచాడు, ఈయన ఏకంగా ఐదు వేలు పెంచారు, అరుగు మీద కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు, ఎందుకంటే మా చెరువుకి అంతకుముందు పోటీ అన్నదే లేదు. అప్పుడు మా ఊరాయన ఆయన వైపు తిరిగి, చాలా మర్యాదగా, "నెలాఖరుకి మీ ఊరి చెరువు పాట కూడా ఉంది కదండీ, మేమూ వస్తాం" అన్నాడు. అంతే, ఆయన మళ్లీ నోరు విప్పలేదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. ఆ ఏడు మురుగు కాలవ పని డబ్బుల్లేక ఆగిపోయింది. నాన్న ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ పాల్ క్లెంపరర్ వ్యాసం చదువుతుంటే ఇదే కథ అమెరికాలో కనిపించింది. 1996-97లో మొబైల్ ఫోన్లకి వాడే రేడియో తరంగాల (స్పెక్ట్రమ్) లైసెన్సుల వేలంలో మిన్నెసోటాలోని రోచెస్టర్ లైసెన్సు నంబరు 378. దానికోసం యూఎస్ వెస్ట్, మెక్‌లాయిడ్ అనే కంపెనీలు పోటీ పడుతున్నాయి. మిగతా పాటలు చాలావరకు మూడు సున్నాలతో ముగుస్తుంటే యూఎస్ వెస్ట్ ఉన్నట్టుండి అయోవాలో మెక్‌లాయిడ్ పాడుకున్న లైసెన్సుల మీదకి వెళ్లి 3,13,378 డాలర్లు, 62,378 డాలర్లు అని పాడింది. చివరి మూడంకెలు చూడండి. రోచెస్టర్ జోలికొస్తే మేం మీ చోటికి వస్తాం అని! మెక్‌లాయిడ్ రోచెస్టర్ వదులుకుంది. తర్వాత అమెరికాలో ఇష్టమొచ్చిన అంకె పాడే వీలు లేకుండా నిబంధన మార్చారు.

మన దగ్గర ఇలాంటివి జరిగితే "జనంలో నీతి లేదు" అని వదిలేస్తారు, నాకు ఒళ్లు మండేది అక్కడే. తప్పు పాట పెట్టిన పద్ధతిలో ఉంది. 2000లో బ్రిటన్ 3జీ మొబైల్ లైసెన్సుల వేలాన్ని క్లెంపరర్, మరో ఆర్థికవేత్త కెన్ బిన్‌మోర్ కలిసి రూపొందించారు. అప్పటికే ఉన్న కంపెనీలు 4, లైసెన్సులు 5, అంటే కొత్తవాళ్లకి ఒకటి ఖాయం. 13 కంపెనీలు వచ్చాయి, 2,250 కోట్ల పౌండ్లు వచ్చాయి. అదే ఏడాది నెదర్లాండ్స్‌లో పాత కంపెనీలు 5, లైసెన్సులూ 5. గెలిచే ఆశ లేనిచోటికి కొత్తవాళ్లు ఎందుకొస్తారు? తలకి లెక్కేస్తే బ్రిటన్‌కి వచ్చినదాంట్లో సుమారు నాలుగో వంతే వచ్చింది. 2020లో అమెరికా ఆర్థికవేత్తలు పాల్ మిల్‌గ్రోమ్, రాబర్ట్ విల్సన్‌లకి ఈ రంగంలోనే నోబెల్ వస్తే, నేను చూసిన చానళ్లన్నీ విల్సన్ అర్ధరాత్రి వెళ్లి మిల్‌గ్రోమ్ తలుపు కొట్టిన వీడియో వేసి ఊరుకున్నాయి, ఆ పరిశోధన ఏమిటో ఒక్కరూ చెప్పలేదు.

చెరువు పాటలకి సరిపోయే పద్ధతి కూడా క్లెంపరర్ చెప్పాడు. ఇద్దరు మిగిలేదాకా నోటి పాట, ఆ తర్వాత ఆ ఇద్దరూ సీల్డ్ కవర్లో ఆఖరి ధర రాసివ్వాలి. ఆ రోజు అలా జరిగుంటే పక్క ఊరాయన ఎంత రాశారో కవరు తెరిచేదాకా మా ఊరాయనకి తెలిసేది కాదు, ఒక మాటతో భయపెట్టి చవగ్గా కొట్టుకుపోయే వీలూ ఉండేది కాదు. వచ్చే గ్రామసభలో ఈ పద్ధతి పెట్టమని రాతపూర్వకంగా అడగబోతున్నాను, మీ పంచాయతీలో చెరువు పాట ఉంటే మీరూ అడగండి.